ఆగస్టు ఎండలో హీటరు వేసిన పెళ్ళికూతురు

ఏంటయ్యా ఆ నవ్వు? నేనేం తప్పు మాటన్నాను? ఎక్కుడులో ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంటే హీటరు వెయ్యమన్నాను, అంతేగా. అదిగో, మళ్ళీ! "ఆగస్టు నెలలో హీటరా, పాపం హాజీ ముఫ్లెహ్‌కి వయసు మీద పడింది" అని నువ్వు నోటితో అనకపోయినా నీ మీసాలు అంటున్నాయి. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు వదులు, ఇటు రా. టీలో మరమియా ఆకు వేశాను, కడుపుకి మంచిది, తాగు. చూడూ, హీటరంటే ఏంటి? ఇంజనులో మరిగే నీళ్ళు వచ్చి పోయే ఇంకో చిన్న రేడియేటరు, అంతే కదా. దాని మొహం బయటికి కాకుండా నీ మొహం మీదికి ఉంటుంది. అది నీ మీద ఊదినంతసేపూ ఇంజను మీద అంత భారం తగ్గుతుంది. నువ్వు ఉడుకుతావు, అది చల్లబడుతుంది. నీ బండేమో నాకంటే పదేళ్ళే చిన్నది. పైగా పెళ్ళిళ్ళకి తిప్పుతానంటున్నావు. పెళ్ళి బండంటే ఏంటనుకున్నావు? డప్పుల వెనకాల నడక నడవాలి. గాలి తగలదు, ఫ్యాను చాలదు, పైన ఎండ, కింద తారు. మామూలు రోజు వంద మైళ్ళు పోయే ఇంజను పెళ్ళి రోజు రెండు మైళ్ళకే బుస్సుమంటుంది. ఇంకోటి చెప్పనా? ఆ నీళ్ళ వాల్వు పీకి పారేస్తే ఇంజను చల్లగా ఉంటుందని నీకు ఎవడో చెప్పే ఉంటాడు. చెప్పాడా? చెప్తాడు, ఈ షూనా కూడలిలో ప్రతివాడూ చెప్తాడు. పీకావా? అల్లా మేలు చేశాడు, పీకకు. అది ఉన్నది నీళ్ళని రేడియేటర్లో కాస్త నిలబెట్టి గాలి తగలనివ్వడానికి. అది లేకపోతే నీళ్ళు పరుగో పరుగు, వేడిని అట్లాగే మోసుకుని తిరిగి తిరిగి ఇంజనులోకే వస్తాయి. మా మేనమామ నిమర్ ఆ వాల్వు పీకినవాడి బండిని ముట్టుకునేవాడు కాదు. "ముందు నీ గొంతులో కొండనాలుక పీకించుకుని రా, అప్పుడు మాట్లాడదాం" అనేవాడు.

హీటరు సంగతి మాత్రం నాకు ఆయన చెప్పింది కాదు. ఆయన కూతురు నౌఫా చెప్పింది. చెప్పడమేంటి, చేసి చూపించింది. నౌఫా తెలీదా నీకు? ఎలా తెలుస్తుందిలే, ఆవిడ పోయి పంతొమ్మిదేళ్ళు. అల్లా ఆవిడ సమాధిని వెలుగుతో నింపుగాక, దాన్ని స్వర్గపు తోటల్లో ఒక తోట చెయ్యుగాక. ఆమీన్ అను. ఆఁ. నాకంటే రెండు నెలలు పెద్దది, ఆ రెండు నెలల పెద్దరికాన్ని బతికినన్నాళ్ళూ వాడుకుంది. నేను పుట్టిన వారానికి వాళ్ళమ్మ పోయింది. మా అమ్మ ఒక పక్కన నన్నూ ఇంకో పక్కన దాన్నీ వేసుకుని పాలిచ్చింది. అంటే మన ధర్మంలో ఇక తోడబుట్టినవాళ్ళమే కదా, ఒక కడుపున పుట్టకపోయినా. నిమర్ మామకి ఇంకెవరూ లేరు. పిల్లని తన బండ్ల రిపేరు షెడ్డులోనే పెట్టుకుని పెంచాడు. ఇక్కడే, ఈ కూడలిలోనే, ఇప్పుడు ఆ కోళ్ళ దుకాణం ఉంది చూశావూ, అక్కడ. ఇక్కడి నుంచి కొండ మీది సల్త్ ఊరి దాకా వెయ్యి మీటర్ల పైకి ఎక్కుడు. లోయలో కూరగాయలు నింపుకుని ఎక్కే ప్రతి బండీ ముందు నిమర్ మామకి సలాం చెప్పి ఎక్కేది. మూడు మట్టి కుండలుండేవి ఆయనకి. కాచి, చల్లార్చి, గుడ్డతో వడకట్టిన నీళ్ళు వాటిలో. ఆ నీళ్ళు మనుషులకి కాదు! మనుషులు పంపు నీళ్ళు తాగేవాళ్ళు, కుండలోవి బండ్లకి. "మన నీళ్ళలో సున్నం ఉందిరా, మీ కడుపులు దాన్ని అరిగించుకుంటాయి, రేడియేటరు అరిగించుకోదు" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. నీలాగే. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. నౌఫా అదంతా చూసే పెరిగింది. పదేళ్ళ వయసులోనే శబ్దం విని, "నాన్నా, బెల్టు వదులు" అనేది.

ఏమంటున్నానూ? ఆఁ, బండి. ఇంగ్లీషు ఆఫీసరొకడు వెళ్ళిపోతూ వదిలేసిన నల్ల కారు. పొడుగాటి ముక్కు, ముందర వెండి జాలీ, లోపల తోలు సీట్లు. మా మామ కంటపడేసరికి దాన్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నిమర్ మామ దాన్ని తాళ్ళతో ఈడ్చుకొచ్చి మూడేళ్ళు పనిచేశాడు. పగలు జనం బండ్లు, సాయంత్రం అసర్ నమాజు తర్వాత దాని పని. "ఎందుకు మామా?" అని అడిగితే "నా కూతురు దీన్లో సల్త్ ఎక్కుతుంది. నేనే నడుపుతా" అనేవాడు. పూర్తయింది. ఇంజను ఎట్లా ఉండేదంటే, దాని మీద నిండు గ్లాసు పెడితే ఒక్క చుక్క ఒలికేది కాదు. ఆ రంజాను తర్వాత ఒక పొద్దున ఫజర్ నమాజు చేసి చాప మీద అట్లా ఒరిగాడు, లేవలేదు. మనమంతా అల్లా వాళ్ళమే, ఆయన దగ్గరికే పోతాం. ఏడాది తిరిగాక సంబంధం కుదిరింది. సల్త్‌లో బడి పంతులు, ఆయిద్ అని, నిదానస్తుడు, మాట తక్కువ. వాళ్ళ నాన్న లేడు. పెద్దరికమంతా బాబాయి హాజీ ధియాబ్‌ది. ఆయన సంగతి ఎట్లా చెప్పను... పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి. దానం చేసేవాడు, అది నిజం. కాకపోతే చేసే ప్రతి దానమూ ఊరంతా చూసే చోట చేసేవాడు. ఆ వేసవిలోనే తెల్ల కారు ఒకటి కొన్నాడు, సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తియ్యలేదు. దాన్లోనే పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళాలని ఆయన ఆశ. డెబ్బై నాలుగో సంవత్సరం, ఆగస్టు. ఇరవై ఆరు బండ్లతో దిగారు మా ఇంటి ముందు, పెళ్ళికూతుర్ని తీసుకుపోవడానికి.

మన ఆచారం నీకు తెలిసిందే, పెళ్ళికూతురు మగపెళ్ళివారి బండెక్కుతుంది. నౌఫా మాత్రం ఎక్కనంది. పొద్దున్నుంచీ అదే మాట. మా నాన్న నచ్చజెప్పాడు, ఇమాముగారు నచ్చజెప్పారు. ధియాబ్ వచ్చి మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో కూర్చున్నాడు, చేతికి కాఫీ ఇచ్చారు. కప్పు తీసుకుని, తాగకుండా కింద పెట్టాడు. అంటే ఏంటో నీకు చెప్పనక్కర్లేదు. అడిగింది ఇస్తేనే కాఫీ. "మా ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారు? ధియాబ్ కోడల్ని పాత ఇనప సామాను కొట్టు నుంచి తెచ్చుకున్నాడంటారు. పిల్ల నా బండెక్కాలి, అప్పుడే ఈ కాఫీ" అన్నాడు. అప్పుడు లోపలి గది తలుపు వెనక నుంచి, "చల్లారిపోతుంది మామయ్యా, తాగెయ్యండి. నేను మాత్రం మా నాన్న బండే ఎక్కుతాను" అని నౌఫా గొంతు! మా నాన్న తల దించుకున్నాడు. నేనైతే గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. ధియాబ్ మొహం కందగడ్డయింది. కానీ ఇరవై ఆరు బండ్లతో వచ్చి, పెళ్ళికూతురు లేకుండా ఖాళీగా తిరిగిపోతే అంతకంటే తలవంపులు ఏముంటుంది? లేచాడు. అందరూ వినేలా చెప్పాడు. "సరే. దాన్లోనే రానీ. దారిలో ఆ డొక్కు ఒక్కసారి ఆగినా సరే, పిల్ల దిగి నా బండెక్కాలి. దాన్ని మా కుర్రాళ్ళు లోయలోకి తోసేస్తారు. మాటేనా?" మా నాన్న నోరు తెరిచేలోపే తలుపు వెనక నుంచి "మాటే!" అని వినపడింది. అయితే నిమర్ మామ లేడు కదా, నడిపేదెవరు? నేను. ఇరవై రెండేళ్ళు.

వెనక సీట్లో మధ్యన నౌఫా, నెత్తి నుంచి కిందిదాకా తెల్లటి ముసుగు. ఒక పక్క మా అమ్మ. మా అమ్మని నువ్వు చూడలేదు, తలుపులోంచి పక్కకి తిరిగి పోయే మనిషి. ఇంకో పక్క ధియాబ్ భార్య ఉమ్ రాకాన్. మగపెళ్ళివారి తరఫున కాపలాకి పంపారనుకో. జొహర్ నమాజు చేసి బయల్దేరాం, అంటే ఎండ నడినెత్తిన. సముద్రం కంటే కిందున్న లోయ మనది, ఆగస్టులో ఇక్కడ బల్లి కూడా నీడలోంచి కదలదు. నేనేమనుకున్నానంటే, ధియాబ్ ముందు పోతాడు, మనం వెనక పోతాం, గాలి కొడుతుంది, ఒక గంటలో సల్త్. ధియాబ్ తెల్ల కారు ముందు పెట్టాడు, దాని ముందర డప్పులవాళ్ళని నడిపించాడు, వాళ్ళ నడకకి సరిగ్గా తన బండి నడిపాడు. ఊరు దాటేదాకా మర్యాద అనుకున్నాను. ఊరు దాటింది. అరటి తోటలు దాటాయి. డప్పులు ఆగవు, ఆయన కదలడు. మొదటి గేరులో, సగం క్లచ్చు మీద ఈడ్చుకుంటూ పోతున్నాను. అప్పుడర్థమైంది నాకు. ఆయనేం చేస్తున్నాడో ఆయనకి బాగా తెలుసు. బండి మరిగి ఆగిపోవాలి, అది ఆయన చేత కాకుండా ఎండ చేత కావాలి. ముల్లు లేచింది. మధ్యకి వచ్చింది. మధ్య దాటింది. నా చూపు దాని మీదే అతుక్కుపోయింది. "ఒరేయ్ ముఫ్లెహ్, ముల్లెక్కడుంది?" అని వెనక నుంచి ముసుగులోంచి అడిగింది. "బాగానే ఉంది" అన్నాను. "నీ గొంతు బాలేదు. ఎక్కడుందో చెప్పు." చెప్పాను. ఎర్రగీతకి వేలెడు దూరం.

ఇహ చూడు. రెండు చేతులూ మోచేతుల దాకా గోరింటాకు, బంగారం గాజులు. ముసుగు రెండు చేతులతో వెనక్కి విసిరేసి, రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి, నా మోకాలి పక్క నుంచి చెయ్యి పోనిచ్చి హీటరు మీట చివరికంటా లాగింది. ఊదే ఫ్యాను కూడా వేసింది. అబ్బా, ఆ గాలి! రొట్టెల పొయ్యి మూత తీసి దాన్లో తల పెట్టినట్టు. ఉమ్ రాకాన్ కేక పెట్టింది చూడు, "అల్లాహో! పిల్లకి మతి పోయింది! ఆపండమ్మా, చచ్చిపోతాను!" అని. నౌఫా ఏమందో తెలుసా? "అత్తయ్యా, మీకో ఇంజనుకో ఎవరికో ఒకరికి చెమట పట్టాల్సిందే. దానికి పడితే ఆగిపోతుంది. మీరు ఆగిపోరుగా" అంది. కళ్ళకి పెట్టిన కాటుక అప్పుడే చెంపల మీదికి రెండు గీతలుగా దిగింది. పౌడరు పూసిన మొహం బీట్‌రూట్ అయిపోయింది. పట్టు బట్టలు ఒంటికి అతుక్కున్నాయి. అయినా ఒక్క చెయ్యి కూడా మొహం దగ్గరికి పోనివ్వలేదు, ఒక చెయ్యి ముందు సీటు పట్టుకుని, చూపు ముల్లు మీదే. ఉమ్ రాకాన్ కిటికీలోంచి నడుము దాకా బయటికొచ్చి అరవడం మొదలుపెట్టింది. "ధియాబ్! ఓ ధియాబ్! కాస్త తొందరగా పోనియ్యి, నీ తాత ముత్తాతల మీద ఒట్టు! నన్నిక్కడ వేపుతున్నారు!" డప్పుల మోతలో ఆయనకి వినపడలేదు. వినపడిందేమో, భార్య పాట పాడుతోందనుకుని చెయ్యి ఊపాడు. మా అమ్మ నవ్వాపుకోలేక ముక్కు మూసుకుంది, అంత ఉడుకులో.

ముల్లు ఆగింది. దిగలేదు గానీ ఆగింది. మళ్ళీ కాసేపటికి ఒక వెంట్రుక వాసి కదిలింది. నౌఫా చెవి పెట్టి వింది. "ఫ్యాను బాగానే తిరుగుతోంది. బెల్టు బాగుంది. నీళ్ళు పొద్దున నేనే పోశాను, నాన్న కుండలోవి. గాలి లోపలికి రావట్లేదురా. ముందు జాలీకి ఏం కట్టారు?" అంది. నేనేం కట్టలేదన్నాను. అప్పుడు ఉమ్ రాకాన్ చెమట తుడుచుకుంటూ, ఎంతో గొప్పగా, "నేను కట్టానమ్మా, దిష్టి తగలకుండా. నా పెళ్ళి నాటి కుట్టుపని దుప్పటి, దానికి నీలం పూసలు. నాలుగు మూలలా గట్టిగా ముడేశాను, ఊడదులే" అంది. విన్నావా! బండి ముక్కుకి దుప్పటి కట్టి, ఊపిరి తీసుకోమంటున్నారు. ప్రేమతోనే కట్టింది పాపం, ఆవిడకేం తెలుసు. ప్రతి పెళ్ళిలోనూ ఇదే, నువ్వు కూడా చూసుకో, పూలో రిబ్బనో గుడ్డో ఏదో ఒకటి సరిగ్గా గాలి పోయే చోటే కడతారు. అందంగా కనపడేది అక్కడే కదా. మరి తీసేదెట్లా? ఆగితే మాట పోతుంది. ఆగకపోతే ఇంకో పది నిమిషాల్లో బుస్సు. నౌఫా మా అమ్మ వైపు తిరిగింది. "అత్తా, నువ్వు దిగగలవా? వీళ్ళ నడక మన నడకేగా." మా అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. బిస్మిల్లా అంది. కదులుతున్న బండి తలుపు తీసి, అంత మనిషి, రోడ్డు మీదికి దిగింది! నిజం చెప్తున్నా, బండి ఒక జానెడు పైకి లేచింది. జొగరీత్ పెట్టింది మా అమ్మ, ఆ నాలుక తిప్పుడు కూతకి కొండ ప్రతిధ్వనించింది. చేతులు పైకెత్తి ఆడుకుంటూ బానెట్ పక్కకి పోయింది, వెనక్కి నడుస్తూ, ఆడుతూనే, ఒక్కో మూల ముడి విప్పింది. విప్పి ఆ దుప్పటి నెత్తి మీద తిప్పుతూ ఆడింది చూడు! వెనక బండ్లన్నీ ఒకటే హారన్లు, "వాహ్, పెళ్ళికూతురి మేనత్తంటే ఇట్లా ఉండాలి!" అని. ధియాబ్ అద్దంలోంచి చూసి సంతోషంతో తనూ హారన్ కొట్టాడు. ఆయన అంత నిదానంగా పోబట్టే కదా మా అమ్మ దిగగలిగింది! అల్లా తీర్పులు అట్లా ఉంటాయి. మళ్ళీ ఎక్కేటప్పుడు మాత్రం ఉమ్ రాకాన్ లోపల నుంచి లాగాల్సి వచ్చింది. అప్పట్నుంచీ వాళ్ళిద్దరూ మంచి స్నేహితురాళ్ళయ్యారు, హజ్జుకి కూడా కలిసే వెళ్ళారు, అది వేరే కథ.

ముల్లు దిగింది. వేలెడు, ఇంకో వేలెడు. నేను గట్టిగా ఊపిరి వదిలాను. తొందరపడ్డాను. ఎక్కుడు మొదలైంది, డప్పులవాళ్ళని బండెక్కించారు. షుయైబ్ ప్రవక్త దర్గా దగ్గరికి వచ్చేసరికి, ఆయన మీద శాంతి ఉండుగాక, అక్కడ ఊట నీళ్ళు ఉన్నాయి కదా, ధియాబ్ రోడ్డుకి అడ్డంగా, దాదాపు మధ్యలో, తెల్ల కారు ఆపడం మొదలుపెట్టాడు. చెయ్యి బయట పెట్టి అందరినీ ఆగమన్నాడు. "ఫాతిహా చదువుదాం! కాఫీ తాగుదాం!" ఖురాను మొదటి సూరా చదువుదామంటే ఎవరు కాదంటారు? ప్రవక్త పేరు మీద ఆపుతుంటే ఎవరు ముందుకి పోతారు? నేను బ్రేకు మీద కాలు పెట్టాను. "తియ్యి కాలు" అంది నౌఫా. "నౌఫా, ఫాతిహా..." అన్నాను. "చదువు. నోరుందిగా, కాలెందుకు దానికి? పక్క నుంచి పోనియ్." చూడూ, నీకు తెలీదు, ఇప్పటి పిల్లలు ఎవరైనా ఎవర్నైనా దాటేస్తారు. అప్పట్లో పెళ్ళి బండ్ల వరసలో పెద్దమనిషి బండిని దాటడమంటే, మజ్లిస్‌లో ఆయన మీద నుంచి కాళ్ళు చాపినట్టు. వంశాల మధ్య మాటలు పోయేవి. నా చేతులు రాలేదు. "మీ అత్తవారింట్లో బతకాల్సింది నువ్వు నౌఫా, రేపు నీ మొహం చూస్తారా?" అన్నాను. అప్పుడది నా భుజం మీద గోరింటాకు చెయ్యి వేసింది. నెమ్మదిగానే అంది, అరవలేదు. "ఇక్కడ పడుకున్న ప్రవక్త కూడా ఆడపిల్లల తండ్రేరా. గొర్రెల కాపరులంతా నీళ్ళు తోడుకుని పోయేదాకా ఆయన కూతుళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. మా నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒకటే మంట, వాళ్ళెందుకు నిలబడ్డారు అని. నేను నిలబడను. నువ్వు పోనిస్తావా, దిగుతావా? దిగితే నేనే నడుపుతా." నడిపేదే. ఆ ముసుగుతో, ఆ గాజులతో స్టీరింగు పట్టుకునేదే, నాకు ఏ సందేహమూ లేదు.

పోనిచ్చాను. ఎడం చక్రాలు మట్టిలోకి దిగాయి, పక్కన లోయ, రాళ్ళు కిందికి దొర్లుతున్న చప్పుడు. ధియాబ్ కిటికీ పక్క నుంచి జానెడు దూరంలో పోయాను. ఆయన మొహం చూశాను, నోరు తెరిచి ఉంది, చేతిలో తస్బీ పూసల దండ. ఉమ్ రాకాన్ మొగుడి మొహంలోకి చూసి, "ఫాతిహా చదువుతూ రా!" అని అరిచింది. నేనూ చదువుతూనే ఉన్నాను, పెదాలు ఆడుతున్నాయి, ఎన్నిసార్లు చదివానో తెలీదు. దాటగానే రెండో గేరు, మూడో గేరు. గాలి! నాయనా, జాలీలోంచి చల్లగాలి ఇంజనులోకి పోతుంటే ఆ ముల్లు ఎట్లా దిగిందో... నిమర్ మామ కట్టిన ఇంజను మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు. పైకి ఎక్కేకొద్దీ ఎండ తగ్గింది, అంజూర చెట్లొచ్చాయి. నౌఫా హీటరు మాత్రం ఆపనివ్వలేదు. "సల్త్ కనపడనీ" అంది. కనపడింది. పసుప్పచ్చ రాతి మిద్దెలు ఒకదాని మీద ఒకటి.

పెళ్ళివారింటి ముందుకి పోతే ఎవరూ ఊహించలేదు మేము వస్తామని. పెద్దలంతా వెనక ఉన్నారు కదా! ఆడవాళ్ళు శుభానికి పెళ్ళికూతురి చేత గుమ్మం మీద అతికించే పిండిముద్ద పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పిల్లని చూసి ఆగిపోయారు. కాటుక కారిపోయి, జుట్టు నుదుటికి అంటుకుని, అప్పుడే బావిలోంచి తీసినట్టుంది. మా అమ్మా ఉమ్ రాకానూ తలుపులు తెరుచుకుని గాలి కోసం బయటపడ్డారు. ఇంతలో వచ్చాయి వెనక బండ్లు, దుమ్ములో దుమ్ము. ధియాబ్ దిగాడు. తలపాగా జారింది. నేరుగా మా బండి దగ్గరికి వచ్చి, బానెట్ మీద గుద్దాడు. "నన్ను దాటావురా! ప్రవక్త దర్గా ముందు, ఊరందరి ముందు! ఇంజను ఆపు! పిల్లని దించు! నువ్వు దిగు, నీ సంగతి చెప్తా!" చుట్టూ యాభై మంది మగవాళ్ళు. నా చెయ్యి తాళం మీదికి పోయింది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చేలా ఉంది. "ఆపకు" అంది నౌఫా. ధియాబ్ వైపు తిరిగి, "మామయ్యా, బండి ఆగలేదు. మాట నిలబడింది. ఇప్పుడు ఇంజను ఆపితే లోపలి నీళ్ళు నిలబడిపోయి మరుగుతాయి. ఇంత ఎక్కుడు ఎక్కిన ఇంజనుని కాసేపు ఊరికే తిరగనివ్వాలి, అప్పుడాపాలి. మా నాన్న పద్ధతి. అదయ్యేదాకా నేను దిగను" అంది. ఊరంతా చూస్తుండగా, ఆ పెద్దమనిషితో, ముసుగు లేకుండా! అప్పుడు ఆయిద్ వచ్చాడు జనంలోంచి. ఉన్ని కోటు, మెడకి టై, పాపం. అందరూ అటు చూశారు, వీడేం చేస్తాడా అని. బాబాయి చేతిని పట్టుకుని పక్కకి లాగుతాడా, పిల్లని చెయ్యిపట్టి దించుతాడా? కిటికీ దగ్గరికి వచ్చి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. అంతే. "పావుగంట" అంది. తలుపు తీసుకుని, ఆ కొలిమిలోకి, దాని పక్కన కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. హీటరు ఇంకా వాళ్ళ మీద ఊదుతూనే ఉంది. నిమిషంలో చొక్కా కాలరు తడిసిపోయింది వాడికి. టై కూడా వదులు చేసుకోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ముల్లు వైపే చూస్తూ కూర్చున్నారు.

ఊరంతా నిలబడింది. డప్పులు ఆగాయి, కాఫీ ఆగింది, విందుకి కూర్చున్నవాళ్ళు లేచొచ్చి నిలబడ్డారు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఇంజను తిరుగుతూనే ఉంది. ధియాబ్ ఒకసారి అటు నడిచాడు, ఒకసారి ఇటు నడిచాడు. కూర్చుందామంటే కుర్చీ లేదు, వెళ్ళిపోదామంటే పెళ్ళి ఆయనది. చివరికి తలపాగా సర్దుకుని, నెమ్మదిగా కిటికీ దగ్గరికి వచ్చాడు. వేలి కణుపుతో అద్దం మీద రెండుసార్లు తట్టాడు, ఎవరింటికో పోయి తలుపు తట్టినట్టు. "అమ్మాయ్," అన్నాడు, "అయిందా తల్లీ?"

నౌఫా వంగి ముల్లు వైపు చూసింది. తీరిగ్గా చూసింది.

"ఇంకాస్త, మామయ్యా" అంది.

...

ఏంటి? ఏం లేదు, కంట్లో ఏదో పడింది. ఆ గేటు వెయ్యి, కోళ్ళ దుకాణం దుమ్మంతా లోపలికొస్తోంది.